సింకు కింద ఆర్‌ఓ ఫిల్టర్: బొడ్డుతాడు రక్తం పేరు చెప్పి అమ్మే యంత్రం నిజంగా చేసే పని ఎంత?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా వంటింటి సింకు కింద బిగించుకున్న అయిదు దశల ఆర్‌ఓ (మెంబ్రేన్ అనే సన్నని పొర గుండా నీటిని నెట్టి శుద్ధి చేసే) ఫిల్టర్ గురించి ఈ సమీక్ష. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ట్యాంకుతో వచ్చే ఈ తరహా ఫిల్టర్లు చాలావాటికి వర్తిస్తాయి, వాటిని అమ్మే మాటలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నా భార్య గర్భవతి అని తెలిసిన నెలలోనే దీన్ని కొన్నాము. కొనిపించింది మాత్రం ప్రకటనే: పసిపాప అరికాలి బొమ్మ, దాని పక్కన పెద్ద అక్షరాల్లో 287 అనే అంకె, కింద "పుట్టకముందే మీ బిడ్డ రక్తంలో ఇన్ని రసాయనాలు" అన్న వాక్యం. అది చూసి కాబోయే తండ్రి ఎవరైనా కార్డు బయటికి తీస్తాడు.

ఆ అంకె కల్పితం కాదు. అమెరికాలోని ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 2005 జూలైలో వెలువరించిన నివేదికలోది. 2004 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పుట్టిన 10 మంది శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని రెడ్‌క్రాస్ ద్వారా సేకరించి, 413 రసాయనాల కోసం పరీక్షించగా మొత్తం మీద 287 కనిపించాయి. అయితే అది పదిమందిలోనూ కలిపి వచ్చిన మొత్తం. ఒక్కో శిశువుకు సగటు 200. రెండొందలైనా తక్కువేమీ కాదు, కానీ ప్రతి బిడ్డలోనూ 287 ఉన్నాయన్నట్టుగా రాయడం తప్పు. ఇక్కడ కొనుగోలుదారు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ 287లో 147, అంటే సగానికి పైగా, పీసీబీలు. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో వాడి, అమెరికాలో 1979లో తయారీని నిషేధించిన నూనెలాంటి పదార్థాలు. ఇవి మనిషి ఒంట్లోకి ప్రధానంగా చేపలు, మాంసం, పాలలోని కొవ్వు ద్వారా చేరతాయే తప్ప కొళాయి నీటి ద్వారా కాదు. సోఫాల నురుగులోనూ ఎలక్ట్రానిక్ వస్తువుల ప్లాస్టిక్‌లోనూ మంటలు అంటుకోకుండా కలుపుతూ వచ్చిన బ్రోమిన్ రసాయనాలు 32 కాగా, అవి ఎక్కువగా ఇంటి దుమ్ము వెంట వస్తాయి. పాదరసం పెద్ద చేపల నుంచి వస్తుంది. ఫిల్టర్ కంపెనీలు నీటికి ముడిపెట్టి మాట్లాడే పీఫాస్ కుటుంబానికి చెందినవి ఆ జాబితాలో తొమ్మిదే. ప్రకటనలోని 287కూ, డబ్బాలో వచ్చిన యంత్రానికీ ఉన్న సంబంధం అంత మాత్రమే.

అలాగని ఆ తొమ్మిదిని తోసిపుచ్చడానికి లేదు, ముఖ్యంగా మా ప్రాంతంలో. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ, మరకలు అంటని బట్టలకూ మంటలు ఆర్పే నురుగుకూ వాడిన పీఎఫ్‌ఓఎస్, వీటి బంధువులు కొన్ని వేలు, అన్నిటినీ కలిపి పీఫాస్ అంటున్నారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 2004–05లో పుట్టిన సుమారు 300 మంది శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షిస్తే పీఎఫ్‌ఓఏ అందరిలోనూ, పీఎఫ్‌ఓఎస్ 99 శాతం మందిలోనూ దొరికింది. పీఎఫ్‌ఓఏ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023 చివర్లో నిర్ధారించింది. గర్భంలోని మాయ (ప్లాసెంటా) వీటిని అడ్డుకోజాలదు. తల్లి రక్తంలో ఉన్నదానిలో గణనీయమైన భాగం బిడ్డకు చేరుతుంది.

ఇక ఎడిసన్ సంగతి. సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లోని పార్క్ అవెన్యూ బావుల నుంచి వచ్చే నీటిలో పీఎఫ్‌ఓఏ రాష్ట్ర పరిమితిని మించిందని మా ప్రాంతానికి నీళ్ళిచ్చే మిడిల్‌సెక్స్ వాటర్ కంపెనీ 2021 శరత్కాలంలో వినియోగదారులకు నోటీసులు పంపింది. రాష్ట్ర పరిమితి 14 పీపీటీ, అంటే లక్ష కోట్ల భాగాల్లో 14 భాగాలు. నోటీసులో పేర్కొన్న ఏడాది సగటు 36.1. ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్, మెటచెన్ అంటే తెలుగువాళ్ళు వీధికొకరు ఉండే ఊళ్ళు. ఆ రోజుల్లో గుడిలో కలిసినా, పుట్టినరోజు విందులో కలిసినా ఇదే మాట, కాస్ట్‌కోలో నీళ్ళ సీసాల కట్టలకు వరస. తరువాత ఆ బావులను ఆపి, యాక్టివేటెడ్ కార్బన్‌తో శుద్ధి చేసే ఏర్పాటు చేశారు కాబట్టి ఈనాటి నీటిని ఆనాటి నోటీసుతో కొలవకూడదు. అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ 2024లో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ ఒక్కొక్కదానికి పెట్టిన పరిమితి 4 పీపీటీ. రాష్ట్రం తన పరిమితిలోపే ఉందని చెప్పిన నీరు ఈ కొత్త పరిమితిని దాటవచ్చు. నిజానికి ఫిల్టర్ పనికొచ్చేది ఈ తేడా దగ్గరే.

ఆ పని మాత్రం యంత్రం చక్కగా చేస్తున్నది. డ్యూక్, నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇళ్ళలో వాడుతున్న ఫిల్టర్లను పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితాల్లో సింకు కింది ఆర్‌ఓ యంత్రాలు పీఫాస్‌ను 94 శాతం, అంతకు మించి తొలగించాయి. ఫ్రిజ్‌లలోనూ కూజాలలోనూ ఉండే మామూలు కార్బన్ ఫిల్టర్ల సగటు 73 శాతమే, అదీ ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా. మేము అంతకుముందు వాడిన కూజా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ (ఫిల్టర్లను పరీక్షించి ధ్రువీకరించే అమెరికా సంస్థ) 42 అన్న ముద్ర ఉండేది. అది రుచికీ క్లోరిన్ వాసనకూ ఇచ్చే ధ్రువీకరణ మాత్రమే. ఆరోగ్యానికి సంబంధించిన మాట కావాలంటే కార్బన్ ఫిల్టర్లకు 53, ఆర్‌ఓకు 58 చూడాలి, అది చాలక ఏ పదార్థాన్ని తగ్గిస్తుందని ధ్రువీకరించారో జాబితాలో పీఎఫ్‌ఓఏ పేరు వెతుక్కోవాలి. మా యంత్రానికి 58 ఉంది, జాబితాలో ఆ పేరూ ఉంది. ఒకసారి ఫిల్టర్ నీటిని ప్రయోగశాలకు పంపితే పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ గడులు రెండింటిలోనూ "గుర్తింపు పరిమితికి దిగువన" అని వచ్చింది.

డబ్బాతో పాటు ఉచితంగా వచ్చిన టీడీఎస్ మీటరును మాత్రం నమ్మకండి. కొళాయి నీళ్ళలో ముంచితే మూడంకెల సంఖ్య, ఫిల్టర్ నీళ్ళలో ముంచితే రెండంకెల సంఖ్య చూపించి అది మనల్ని మురిపిస్తుంది. అది కొలిచేది కరిగిన లవణాలను, అంటే కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటివాటిని, పది లక్షల భాగాల లెక్కన. పీఫాస్ ఉండేది దానికి పది లక్షల రెట్లు చిన్న కొలతలో. హైదరాబాద్‌లో ఇంటింటికీ వచ్చి ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్ళు చేసే ప్రదర్శన కూడా ఇదే. మెంబ్రేన్ చిరిగిపోతే ఈ మీటరు పట్టిస్తుందన్నది నిజమే కాబట్టి దాన్ని సొరుగులో ఉంచుకోవచ్చు.

ఇక ప్రకటన చెప్పని అసలు విషయం కాలానికి సంబంధించింది. పీఎఫ్‌ఓఏ ఒంట్లోకి చేరడం ఆగిపోయినా, రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి 2 నుంచి 4 ఏళ్ళు పడుతుందని అంచనాలు. మూడేళ్ళుగా లెక్క వేసుకుంటే, మొదటి నెల మొదటి రోజు నుంచే ఒక్క చుక్క కూడా లోనికి పోకుండా చూసినా, తొమ్మిది నెలల్లో తగ్గేది సుమారు ఆరో వంతు. గర్భం నిలిచాక కొన్న ఫిల్టర్ ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని అంకెను పెద్దగా మార్చలేదు. ఆ అంకెను నిర్ణయించింది తల్లి అంతకుముందు పదేళ్ళు తాగిన నీళ్ళూ తిన్న తిండీ. ప్రకటన లక్ష్యం గర్భిణులే అయినా, బిడ్డ కోసం ఈ యంత్రం వల్ల ఎక్కువ ఉపయోగం పొందేవారు నిజానికి ఇంకా రెండు మూడేళ్ళకు పిల్లలు కావాలనుకుంటున్న దంపతులు. సీసం విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది: తల్లి ఎముకల్లో ఏళ్ళుగా నిలవ ఉన్న సీసం కాల్షియంతో పాటు గర్భధారణ సమయంలో రక్తంలోకి దిగుతుంది. దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. పాత పైపుల నుంచి కొత్తగా వచ్చే సీసాన్ని మాత్రం ఆర్‌ఓ ఆపుతుంది, పాత ఇళ్ళున్న ఊళ్ళలో అది చిన్న సంగతి కాదు.

పుట్టిన తరువాత లెక్క మారుతుంది. డబ్బా పాలు కలిపితే ఆ పసికందు ఆహారం చాలావరకు నీళ్ళే. బరువుతో పోలిస్తే పెద్దవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్ళు ఆ చిన్న ఒంట్లోకి పోతాయి. అక్కడ ఈ యంత్రం పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. తల్లిపాల ద్వారా కూడా పీఫాస్ కొంత చేరుతుందన్నది నిజమే అయినా, దాని కోసం పాలివ్వడం మానవద్దనే వైద్యుల సలహా. ఫారో దీవుల్లో పిల్లల మీద జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది; రక్తంలో ఈ పదార్థాలు రెట్టింపైన పిల్లల్లో ధనుర్వాతం, డిఫ్తీరియా (కంఠసర్పి) టీకాల వల్ల పుట్టే ప్రతిదేహకాలు (యాంటీబాడీలు) సుమారు సగానికి తగ్గినట్టు అందులో తేలింది. అందువల్ల పుట్టాక తీసుకునే జాగ్రత్త వృథా అనడానికి వీల్లేదు.

బిగించడం ఒక మధ్యాహ్నం పని. గ్రానైటు గట్టుకు రంధ్రం వేయించాలంటే విడిగా మనిషిని పిలవాలి, కానీ చాలా ఇళ్ళలో సింకు పక్కన సబ్బు పంపు కోసం ఒక రంధ్రం ముందే ఉంటుంది. దాన్ని పీకి, చిన్న కొళాయిని అక్కడే కూర్చోబెట్టాము. మొదటి ట్యాంకు నీళ్ళు కార్బన్ నుసితో నల్లగా వస్తాయి, పారబోయాలి. ట్యాంకు మీద 3.2 గ్యాలన్లని రాసి ఉన్నా చేతికి వచ్చేది సుమారు పది లీటర్లు. ఖాళీ అయితే నిండడానికి రెండు మూడు గంటలు, జనవరిలో నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా వచ్చే రోజుల్లో ఇంకా ఎక్కువ.

ఇంగ్లీషు సమీక్షలన్నీ ఈ ట్యాంకు నలుగురికి ధారాళంగా సరిపోతుందని రాస్తాయి. వాళ్ళు గ్లాసులో పోసుకుని తాగే నీళ్ళే లెక్కపెడతారు. మన వంటలో నీళ్ళు తిండిలోకే ఇంకిపోతాయి: అన్నానికి ఎసరు, పప్పుకు ఎసరు, చారు, మజ్జిగ, రెండు పూటలా టీ. బియ్యం కడగడానికి కొళాయి నీళ్ళు, ఎసట్లోకి ఫిల్టర్ నీళ్ళు అని మేము నియమం పెట్టుకున్నాము. అయినా సీమంతం రోజు పదకొండింటికే ట్యాంకు ఖాళీ. పురుటికి ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తగారు ఆ సన్నని ధార చూసి, "కాచి చల్లార్చిన నీళ్ళకంటే ఇది గొప్పదా బాబూ?" అని అడిగారు. క్రిములకైతే కాచడమే గొప్ప. పీఫాస్ మరిగినా పోదు, నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దాంట్లో మరింత చిక్కబడుతుంది. ఆవిడ ఒప్పుకున్నది మాత్రం మరో కారణానికి: ఇక్కడి గట్టి నీళ్ళలో ఎంతకీ మెత్తబడని కందిపప్పు ఫిల్టర్ నీళ్ళలో రెండు విజిళ్ళకే మెదిగింది. రుచి కొంత చప్పగా ఉంటుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఖనిజాలు తిరిగి కలిపే అదనపు కార్ట్‌రిడ్జి కొంటే కొంత నయం.

లోపాల్లో మొదటిది వృథా. ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్లకు పైగా డ్రైనేజీలోకి పోతుంది, రాత్రిపూట ఆ గుడగుడ శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. ట్యాంకు లేని కొత్తరకాల్లో ఈ నష్టం బాగా తక్కువ, ధర దాదాపు రెట్టింపు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రెండోది: ఈ యంత్రం పీఫాస్‌ను నాశనం చేయదు. మెంబ్రేన్ ఆపినది మురుగునీటిలోకి, కార్బన్ పట్టినది చెత్తబుట్ట ద్వారా చెత్తకుప్పలోకి. మా ఇంట్లోంచి పోయిందే తప్ప, ఎక్కడో ఇంకొకరి బావి దారి పట్టకుండా ఏదీ దాన్ని ఆపడం లేదు.

కొనాలా వద్దా అన్నది మీ నీళ్ళను బట్టి ఉంటుంది. నీటి సంస్థ ఏటా జూలై ఒకటిలోగా ఇవ్వవలసిన నాణ్యత నివేదికలో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ వరుసలు చూడండి. 4 పీపీటీకి చేరువలోనో పైనో ఉంటే కొనండి, లేదంటే 53 ధ్రువీకరణలో ఈ పేర్లున్న సింకు కింది కార్బన్ ఫిల్టర్ చాలు, అందులో వృథా నీరు లేదు. ఊరి నుంచి ఫోన్ చేసి ఈ కారణంగా తమకూ ఆర్‌ఓ కావాలా అని అడిగే బంధువులకు నేను చెప్పేది వేరు: నల్లగొండలో ఆర్‌ఓ పెట్టుకునేది ఫ్లోరైడు కోసం, అది చాలా పాత, చాలా గట్టి కారణం. యంత్రానికి 300 డాలర్ల లోపు అయింది. మెంబ్రేన్‌కు ముందుండే కార్ట్‌రిడ్జిలు మూడూ ఆరు నుంచి పన్నెండు నెలలకొకసారి, మెంబ్రేన్ రెండేళ్ళకొకసారి మార్చాలి. చవకగా దొరికే నకలు కార్ట్‌రిడ్జిలు వేస్తే 58 ధ్రువీకరణ ఆ యంత్రానికి ఇక వర్తించదు కాబట్టి, కొనేముందే అసలు కార్ట్‌రిడ్జిల ధర చూసుకోండి.