కంపెనీ బూస్ట్ గేజా, విడిగా బిగించుకున్నదా, ఫోనులో చూసుకునేదా: ఏది మేలు?

టర్బో కారులో కంపెనీవారే అమర్చి ఇచ్చిన బూస్ట్ గేజు (టర్బో ఇంజిన్‌లోకి ఒత్తి పంపే గాలి పీడనం బయటి గాలికంటే ఎంత ఎక్కువో చెప్పేది) చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఆ గేజు దేన్ని కొలుస్తోందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. కొన్ని గేజులు ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లోని, అంటే సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లోని పీడనాన్ని నేరుగా తీసుకుంటాయి. కొన్ని ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) అందిన సెన్సార్ విలువను, ఒడిదుడుకులు తగ్గించి తెరమీద చూపుతాయి. మరికొన్ని పీడనం జోలికే పోకుండా, ఇంజిన్ పీల్చుకుంటున్న గాలిని బట్టి లెక్కగట్టి ముల్లును కదిలిస్తాయి.

ఈ మూడో రకానికి పేరుపడ్డ ఉదాహరణ 1990ల నాటి మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్మల్ పట్టణంలో తయారైన ఈ కారులోనూ, దాని తోబుట్టువైన ఈగిల్ టాలన్‌లోనూ డ్యాష్‌బోర్డు మీది బూస్ట్ ముల్లుకు మేనిఫోల్డ్ నుంచి గొట్టమేదీ రాదు. టర్బోకు ముందు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఉన్న గాలి మీటరు ఇచ్చే సంకేతాన్ని బట్టి ఈసీయూ ఒక అంచనా కట్టి ముల్లుకు పంపుతుంది. కారు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నంతకాలం ఈ అంచనా ఫరవాలేదు. అయితే టర్బో తరువాతి గొట్టాల్లో ఒక క్లాంపు వదులైందనుకుందాం: మీటరు లెక్కలోకి ఎక్కిన గాలిలో కొంత దారిలోనే బయటికి పోతుంది, ఇంజిన్‌కు అందే పీడనం తగ్గుతుంది, ముల్లు మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేసి, వాటికి సరిపడేలా గాలి సంకేతాన్ని తగ్గించే పెట్టె తగిలిస్తే ఇందుకు విరుద్ధంగా తక్కువ చూపుతుంది. అంటే లీకున్న కారులోనూ, మార్పులు చేసిన కారులోనూ, సరైన అంకె అవసరమైన చోటనే ఈ గేజు తప్పు చెబుతుందన్నమాట.

దీనితో పోలిస్తే పాత సాబ్ 900 టర్బో గేజు నిజాయితీ గలదని నా అభిప్రాయం. దానిమీద అంకెలే లేవు, రంగుల పట్టీలు మాత్రమే ఉండేవి. కచ్చితత్వం ఇవ్వలేనప్పుడు అది ఉన్నట్టు నటించకపోవడం మంచి పద్ధతి.

నేటి కార్లలో తెరమీద కనిపించే బూస్ట్ సాధారణంగా నిజమైన సెన్సార్ నుంచే వస్తుంది. అక్కడ చిక్కు రెండు చోట్ల ఉంటుంది. మొదటిది, సెన్సార్ థ్రాటిల్‌కు (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే మూతకు) ముందుందా, తరువాత ఉందా అన్నది: యాక్సిలరేటర్ సగం నొక్కి నడిపేటప్పుడు థ్రాటిల్‌కు ముందు కాస్త బూస్ట్ ఉండగానే మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ (బయటి గాలికంటే తక్కువ పీడనం) ఉండవచ్చు కాబట్టి, ఒకే కారులో రెండు సరైన కొలతలు పొంతన లేకుండా కనిపిస్తాయి. రెండవది, ముల్లు వణకకుండా చేసే సాఫ్ట్‌వేర్: క్షణకాలం ఎగిసి పడిపోయే పీడనం అందులో కరిగిపోతుంది. బూస్ట్ హద్దు దాటకుండా చూసే కవాటమైన వేస్ట్‌గేట్ సరిగా తెరుచుకోని కారులో వెతకవలసింది ఆ క్షణకాలపు ఎగుపునే కదా!

విడిగా బిగించుకునే మెకానికల్ గేజులో ఒక వంకర గొట్టం ఉంటుంది. పీడనం పెరిగితే అది కొద్దిగా విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. కరెంటు అక్కరలేదు. బయటి గాలితో పోల్చి చూపడం దాని నిర్మాణంలోనే ఉంది కనుక ఎత్తైన ప్రాంతాల్లోనూ సున్నా సున్నాగానే ఉంటుంది. కానీ కచ్చితత్వం విషయంలో దానికున్న పేరు కొంత అతిశయోక్తే. పారిశ్రామిక గేజుల్లో 2.5 తరగతి అంటే మొత్తం స్కేలులో 2.5 శాతం వరకు తేడాను అనుమతించడం. మైనస్ 1 నుంచి 2 బార్ వరకు (1 బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) స్కేలున్న గేజులో అది 0.075 బార్, అంటే సుమారు 1.1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కార్ల గేజుల్లో చాలావాటి మీద ఆ తరగతి గుర్తు కూడా కనిపించదు. పైగా మేనిఫోల్డ్ నుంచి సన్నని గొట్టం కారు లోపలికి తేవాలి, అది ఎక్కడ చిట్లినా గాలి లీకవుతుంది.

ఎలక్ట్రానిక్ గేజులో సెన్సార్ బానెట్ కిందే ఉండిపోతుంది, లోపలికి తీగ మాత్రమే వస్తుంది. గరిష్ఠ విలువను గుర్తుంచుకునే సౌకర్యం ఉన్నదైతే, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా నడిపి, ఆగిన తరువాత తీరికగా చూసుకోవచ్చు. ఇంజిన్‌లో మార్పులు చేసినవారికి నేను దీన్నే సూచిస్తాను, దాని సెన్సార్‌కు వెళ్లే గొట్టాన్ని థ్రాటిల్ తరువాతే కలపాలన్న షరతుతో.

మార్పులేమీ చేయని కారుకు మాత్రం అంత ఖర్చు దండగ. ఓబీడీ పోర్టులో (కారు లోపాలను చదవడానికి ఉండే సాకెట్‌లో) బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఈసీయూ నమ్ముకున్న మ్యాప్ సెన్సార్ (మేనిఫోల్డ్ పీడనాన్ని కొలిచేది) విలువను ఫోనులోనే చదువుకోవచ్చు. అయితే దీని హద్దులు తెలియాలి. ఓబీడీ ప్రమాణంలోని మామూలు మేనిఫోల్డ్ పీడన విలువ ఒకే బైటులో వస్తుంది కనుక 255 కిలోపాస్కల్ దాటి చూపలేదు. సముద్రమట్టం వద్ద అది దాదాపు 22 పీఎస్ఐ బూస్ట్‌తో సమానం, ఆపైన ఎంత పెరిగినా అంకె అక్కడే నిలిచిపోతుంది. పాత కార్లలో సమాచారం సెకనుకు కొన్నిసార్లే అందుతుంది కనుక క్షణకాలపు ఎగుపులు ఇక్కడా జారిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది వాతావరణ పీడనం దగ్గర. మ్యాప్ సెన్సార్ చెప్పేది సంపూర్ణ పీడనం, అంటే శూన్యం నుంచి లెక్కించినది. అందులోంచి బయటి గాలి పీడనాన్ని తీసివేస్తేనే బూస్ట్ వస్తుంది. ఈసీయూ 180 కిలోపాస్కల్‌ను నిలబెడుతోందనుకుంటే, విశాఖపట్నం తీరంలో 101 తీసివేయగా 79 కిలోపాస్కల్, అంటే 11.5 పీఎస్ఐ. దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో బయటి పీడనం 95 ప్రాంతం కాబట్టి అదే ఇంజిన్ 85 కిలోపాస్కల్, అంటే 12.3 పీఎస్ఐ చూపాలి. ఊరు మారగానే బూస్ట్ పెరిగిందని కంగారు పడనవసరం లేదు. కానీ ఫోను యాప్ ఎక్కడైనా 101నే తీసివేస్తుంటే హైదరాబాదులోనూ 11.5 దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల కారు ఇచ్చే బయటి పీడనపు విలువను కూడా చదివే యాప్‌నే ఎంచుకోవాలి.

సెన్సార్ సున్నా, అంటే బూస్ట్ ఏమీ లేనప్పుడు అది చూపే విలువ, సరిగా ఉందో లేదో చూడడం తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ విలువ చూడండి. హైదరాబాదులో అది 95కు ఒకటి రెండు అటూ ఇటూ ఉండాలి. దాన్ని వాతావరణ యాప్‌లోని అంకెతో పోల్చవద్దు, ఎందుకంటే అక్కడ కనిపించే 1010 హెక్టోపాస్కల్ (101 కిలోపాస్కల్) వంటి విలువ సముద్రమట్టానికి సర్దుబాటు చేసి చెప్పేది. బ్యారోమీటర్ ఉన్న ఫోనైతే అది నేరుగా కొలిచిన పీడనంతో పోల్చుకోవచ్చు. ఈ పరీక్షతో తేలేది సున్నా దగ్గరి తప్పు మాత్రమే. పై అంకెల్లో తేడా పట్టుకోవాలంటే నమ్మకమైన గేజున్న చేతిపంపుతో సెన్సార్‌కు పీడనమిచ్చి, 0.5 బార్ దగ్గర ఒకసారి, 1 బార్ దగ్గర మరోసారి చూడవలసిందే.