పేరు మనది, డొమైన్ ఇంకొకరిది: కొనుక్కోవాలా, ఫిర్యాదు చేయాలా, కోర్టుకెక్కాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు ఏ వ్యాపారి అయినా "మా డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) పోయింది" అంటే, ఎవరు కొట్టేశారని అడిగే ముందు మొదట కొన్నదెవరని అడగాలి. చాలాసార్లు జవాబు పక్కవీధిలోనే దొరుకుతుంది. ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు తన అకౌంట్‌లో, తన ఈమెయిల్‌తో, తన పేరు మీదే ఆ డొమైన్ కొని ఉంటాడు. షాపాయన ఏటా రెన్యువల్ డబ్బులు యూపీఐలో కొడుతూ, అది తనదేననుకుంటూ వచ్చాడు. ఇద్దరికీ చెడి, సైట్ వేరేవాళ్లకి ఇద్దామని పాస్‌వర్డ్ అడిగిన రోజున వాట్సాప్‌లో సంభాషణ ఇలా సాగుతుంది:

"అన్నా, డొమైన్ నా పేరు మీదే ఉంది. ఇప్పుడు దాని రేటు వేరు. ఎనభై వేలిస్తే ట్రాన్స్‌ఫర్ చేస్తా."

"ఇన్నేళ్లూ డబ్బు కట్టింది నేను గదబ్బాయ్?"

"అది సర్వీస్ చార్జీ అన్నా."

కోపమొచ్చి ఈ మెసేజ్‌లు డిలీట్ చేసేవాళ్లున్నారు. చేయొద్దు. ఇవి ముందు ముందు బాగా పనికొస్తాయి.

ఇక్కడి నుంచి దారులు నాలుగు. బేరమాడి కొనుక్కోవడం ఒకటి. డొమైన్ తగాదాల కోసమే పెట్టిన మధ్యవర్తులకు ఫిర్యాదు చేయడం రెండోది. కోర్టుకు పోవడం మూడోది. ఆ పేరుకో దండం పెట్టి ఇంకో పేరు కొనుక్కోవడం నాలుగోది. నన్నడిగితే డాట్ ఇన్ పోతే ఫిర్యాదే మేలు. డాట్ కామ్ పోతే, అదీ వెబ్ డిజైనర్ చేతిలోనే ఉంటే, ముందు బేరమే మేలు. అదే నేరం, అదే మనిషి, అయినా చివర ఉన్న రెండక్షరాలను బట్టి దారి మారిపోతుంది. ఎందుకు మారుతుందో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

డాట్ కామ్, డాట్ నెట్ లాంటి పేర్ల వ్యవస్థను చూసేది 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. పేర్ల తగాదాల కోసం ఆ సంస్థ 1999లో యూడీఆర్‌పీ అనే విధానం తెచ్చింది. ఇది చట్టం కాదు, ఒప్పందం. డాట్ కామ్ కొనేటప్పుడు మనం చదవకుండా టిక్ కొట్టే షరతుల్లోనే, తగాదా వస్తే ఈ విధానానికి కట్టుబడతామని ఉంటుంది. మన డిజైనర్ కూడా ఆ టిక్ కొట్టినవాడే కాబట్టి, అతను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా విచారణ జరుగుతుంది. డాట్ ఇన్‌ను నడిపేది నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా. 2005లో డాట్ ఇన్ అందరికీ తెరుచుకున్నప్పటి నుంచి దీనికి వేరే తగాదా విధానం ఉంది, ఐఎన్‌డీఆర్‌పీ అని. తెలుగు లిపిలో ఉండే డాట్ భారత్ పేర్లు కూడా నిక్సీవే.

రెండిట్లోనూ మనం నిరూపించాల్సినవి మూడు. ఆ డొమైన్ మన ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, లేదా జనం పొరబడేంత దగ్గరగా ఉందని చూపాలి. దాని మీద అవతలివాడికి న్యాయమైన హక్కేదీ లేదని చూపాలి. మూడోది దురుద్దేశం. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తేలకపోయినా కేసు పోయినట్టే. పైకి రెండు విధానాలూ కవలపిల్లల్లా కనిపిస్తాయి కానీ, తేడా అంతా మూడోదాంట్లో ఉంది.

యూడీఆర్‌పీలో ఆ డొమైన్‌ను దురుద్దేశంతో కొన్నాడనీ, దురుద్దేశంతోనే వాడుతున్నాడనీ రెండూ తేలాలి. ఐఎన్‌డీఆర్‌పీలో కొన్నప్పుడో వాడేటప్పుడో, ఏ ఒక్కటి తేలినా చాలు.

ఇప్పుడు మన డిజైనర్ సంగతి చూడండి. షాపాయన చెబితేనే కొన్నాడు. షాపాయన కోసమే కొన్నాడు. ఆ రోజు అతని మనసులో ఏ దురాలోచనా లేకపోవచ్చు. చెడింది తర్వాత. డాట్ ఇన్ అయితే "సరే, అప్పుడు మంచివాడే, ఇప్పుడు పేరు పట్టుకుని డబ్బు గుంజుతున్నాడు" అన్నా కేసు నిలబడుతుంది. డాట్ కామ్ అయితే "కొన్నప్పుడు దురుద్దేశం ఎక్కడుంది" అన్న ప్రశ్న అడ్డం పడుతుంది. చెప్పకుండా తన పేరు మీద రాయించుకోవడమే మోసమని వాదించొచ్చు. అలా గెలిచినవాళ్లూ ఉన్నారు. కానీ ఇంకో ముప్పుంది. ఇది పేరు దొంగతనం కాదు, ఇద్దరి మధ్య పని తాలూకు లావాదేవీ, కోర్టులో తేల్చుకోండి అని కేసు విచారించే ప్యానెల్ వాళ్లు చేతులు దులుపుకోవచ్చు. బిల్లు మీద "డొమైన్ రిజిస్ట్రేషన్, ఫలానా షాపు తరఫున" అని రాసి ఉంటే బలం. "వెబ్‌సైట్ ప్యాకేజీ" అని ఒక్క ముక్కే ఉంటే బలహీనం. మన దగ్గర బిల్లులు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. ఎక్కువవాటిలో ఆ ఒక్క ముక్క కూడా ఉండదు.

ఖర్చు దగ్గర తేడా ఇంకా పెద్దది. యూడీఆర్‌పీ కేసులు చూసే సంస్థల్లో పేరున్నది జెనీవాలోని వైపో, అంటే ఐక్యరాజ్యసమితి మేధోహక్కుల సంస్థ. ఒకరే ప్యానెలిస్ట్ అయితే, ఐదు డొమైన్ల వరకు, వైపో ఫీజు 1,500 డాలర్లు. ఇప్పటి మారకంలో 1,25,000 రూపాయల పైమాటే. ముగ్గురు కావాలంటే 4,000 డాలర్లు. లాయర్ ఫీజు వేరు. పైగా గెలిచినా ఇందులో ఒక్క రూపాయి వెనక్కి రాదు, ఎందుకంటే యూడీఆర్‌పీ ఇవ్వగలిగింది రెండే: డొమైన్ మన పేరుకు మార్చడం, లేదా రద్దు చేయడం. నష్టపరిహారం లేదు, ఖర్చులు కట్టించడమూ లేదు. ఐఎన్‌డీఆర్‌పీలో ఫీజు రూపాయల్లోనే కడతాం, భారం తక్కువ. ఖర్చులు అవతలివాడి చేత కట్టించే అధికారం కూడా కేసు విచారించే మధ్యవర్తికి, అంటే ఆర్బిట్రేటర్‌కు ఉంది. నష్టపరిహారం మాత్రం ఇక్కడా ఆశించొద్దు.

కాబట్టి డాట్ కామ్ పట్టుకుని కూర్చున్నవాడు ఎనభై వేలు అడుగుతుంటే, లక్షా పాతిక వేలు ఫీజు కట్టి, గెలుస్తామో లేదో తెలియని కేసు వేయడం కంటే నలభైకో యాభైకో తెంచుకోవడం లెక్క ప్రకారం మేలు. తప్పు చేసినవాడికి డబ్బెందుకివ్వాలి అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ ఆ డొమైన్ మీద నడిచే ఈమెయిల్ ఆగిపోతే చీమకుర్తి నుంచి రాయి ఎగుమతి చేసే వ్యాపారికి విదేశీ కొనుగోలుదారు పంపే ఆర్డర్లు, ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ) కాగితాలు ఎవరి ఇన్‌బాక్స్‌లో పడతాయో ఆలోచించండి. అప్పుడు పంతం ఖరీదెంతో తెలుస్తుంది.

బేరమాడేటప్పుడు ఒక జాగ్రత్త. మాటలన్నీ రాతలో నడిపించాలి. ఫోన్ చేస్తే "వాట్సాప్‌లో పెట్టు బాబూ, చూసి చెప్తా" అనాలి. ట్రేడ్‌మార్క్ ఉన్నవాడికే, తనకైన ఖర్చుకు మించిన ధరకు అమ్ముకోవాలనే ఎత్తుగడతో పేరు కొనడం దురుద్దేశానికి గుర్తని రెండు విధానాల్లోనూ రాసి ఉంది. ఏడాదికి వెయ్యి చిల్లరయ్యే పేరుకు ఎనభై వేలు అడిగిన ఆ మెసేజ్ అందుకే దాచుకోమన్నది. బేరం తెగకపోతే అదే సాక్ష్యం. తెలియని మనిషి దగ్గర కొంటున్నప్పుడు మాత్రం డబ్బు నేరుగా పంపొద్దు. డొమైన్ మన అకౌంట్‌లోకి వచ్చాకే అవతలివాడికి డబ్బు విడుదల చేసే ఎస్క్రో సేవలున్నాయి, వాటి ద్వారా వెళ్లాలి.

ఫిర్యాదుకే మొగ్గారనుకోండి, కాలం లెక్క ఇలా ఉంటుంది. యూడీఆర్‌పీలో కేసు మొదలైన నాటి నుంచి అవతలివాడికి జవాబుకు 20 రోజులు. ప్యానెల్ కూర్చున్నాక తీర్పుకు 14 రోజులు. అన్నీ కలిపి సుమారు రెండు నెలలు. ఫిర్యాదు అందగానే రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ, ఆ డొమైన్‌కు తాళం వేస్తాడు కాబట్టి మధ్యలో ఇంకొకరికి అమ్మేసే వీలుండదు. ప్రైవసీ ముసుగు వెనక ఉన్నవాడి అసలు పేరు కూడా అప్పుడే బయటపడుతుంది. ఐఎన్‌డీఆర్‌పీలో నిక్సీ నియమించే ఒకే ఆర్బిట్రేటర్ 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం కింద విచారించి, విచారణ మొదలైన 60 రోజుల్లో అవార్డు, అంటే తీర్పు ఇవ్వాలి. తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఎవరూ ఢిల్లీకి గానీ జెనీవాకు గానీ రైలో విమానమో ఎక్కనక్కర్లేదు, అంతా కాగితాల మీదే. ఆ కాగితాలు సాధారణంగా ఇంగ్లిష్‌లో ఉండాలి. తెలుగు పేపర్లో వేసిన ప్రకటనను సాక్ష్యంగా పెడితే అనువాదం జతచేయాలి.

ఇంతకీ మీకు ట్రేడ్‌మార్క్ ఉందా? చాలామంది దగ్గర ఆగిపోయేది ఇక్కడే. జీఎస్‌టీ సర్టిఫికెట్ మీద పేరుండటం ట్రేడ్‌మార్క్ కాదు. రిజిస్టర్ కాని పేరుకూ రక్షణ ఉంది గానీ, ఆ పేరు చెబితే జనం మిమ్మల్నే తలుచుకుంటారని పాత ఇన్వాయిసులు, షిప్పింగ్ బిల్లులు, ప్రకటనలు గుట్టగా పోసి నిరూపించాలి. "గెలాక్సీ గ్రానైట్" అన్న పేరు మీద ఈ కేసు నిలవదు. అది చీమకుర్తి రాయికి లోకమంతా వాడే పేరు, ఏ ఒక్క క్వారీ సొంతమూ కాదు. "నెల్లూరు మలైకాజా", "నెల్లూరు చేపల పులుసు" కూడా అంతే. ఊరి పేరు, వంట పేరు కలిపి ముందు ఎవరు కొనుక్కుంటే డొమైన్ వాళ్లది. దాని మీద ఏడ్చి లాభం లేదు. మీ ఇంటిపేరో, మీరు పుట్టించిన మాటో అందులో ఉంటే అప్పుడు కథ వేరు.

తేదీలు కూడా చూసుకోవాలి. కావలిలో 2021లో మొదలైన షాపు, 2008లో ఎవరో కొన్న డొమైన్ మీద ఫిర్యాదు చేస్తే దాదాపు ఓడినట్టే. మీరు పుట్టకముందే మీ పేరు మీద కన్నేశాడని ఎవరు నమ్ముతారు? పైగా విధానాన్ని అడ్డుపెట్టుకుని ఎదుటివాడి డొమైన్ లాక్కోవాలని చూశారని ప్యానెల్ తీర్పులోనే రాయొచ్చు, ఆ తీర్పు అందరూ చదివేలా నెట్‌లో ఉంటుంది.

ఇక కోర్టు. మన దేశంలో డొమైన్ల కోసం ప్రత్యేక చట్టం లేదు, అయినా రక్షణ ఉంది. సత్యం ఇన్ఫోవే వర్సెస్ సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ సంగతి తేల్చింది. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ ఉండొచ్చని, ఒకరి సరుకును ఇంకొకరిదిగా చలామణి చేసే పాసింగ్ ఆఫ్ దావా దానికీ వర్తిస్తుందని చెప్పింది. ఆ కేసులో సత్యం ఇన్ఫోవే బెంగళూరు సివిల్ కోర్టులో గెలిచి, కర్ణాటక హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టులో మళ్లీ గెలిచింది. రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ ఉంటే ఒక సౌలభ్యం ఉంది. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 134వ సెక్షన్ ప్రకారం మీరు వ్యాపారం చేసే చోటే ఉల్లంఘన దావా వేసుకోవచ్చు, అవతలివాడు ఏ ఊళ్లో ఉన్నా సరే. అయితే తగాదా విలువ 3 లక్షలు, అంతకు పైన ఉంటే అది వాణిజ్య కోర్టు కేసవుతుంది. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి.

ఆ అత్యవసర ఉత్తర్వే కోర్టు అసలు బలం. మీ హేచరీ పేరుతో నకిలీ సైట్ పెట్టి రొయ్య పిల్లలకని రైతుల దగ్గర అడ్వాన్సులు దండుకుంటున్నారనుకోండి. రెండు నెలల మధ్యవర్తిత్వం దేనికి? ఆ సైట్ ఆపమనే ఇంజంక్షన్ కావాలి, నష్టపరిహారం కావాలి, పోలీసులకు సైబర్ ఫిర్యాదు వెళ్లాలి. వీటిలో ఏదీ యూడీఆర్‌పీ గానీ ఐఎన్‌డీఆర్‌పీ గానీ ఇవ్వలేవు. పాస్‌వర్డ్ ఇవ్వని డిజైనర్ మీద మాత్రం కోర్టు నా దృష్టిలో ఆఖరి మాటే. వాయిదాలు మొదలయ్యాక అతనికంటే మీకే ముందు విసుగొస్తుంది.

పేరు వదిలేయడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. కొత్తగా తెరిచిన షాపైతే, పాత డొమైన్ మీద ఈమెయిల్ నడవకపోతే, వేరే పేరు కొనేసి ముందుకు పోవడమే. పాత పేరు విజిటింగ్ కార్డుల మీద, లారీల మీద, దుబాయ్ పార్టీ ఫోన్‌లో ఎక్కిపోయి ఉంటే ఈ దారి చవకగా కనిపిస్తుంది గానీ చవక కాదు.

ఏ దారిన పోయినా ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఇవాళే పెట్టండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాసుకు (సరుకు లేదా సేవ రకానికి) 4,500 రూపాయలు. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందకి వస్తాయి. డొమైన్ తిరిగొచ్చే రోజుకి మీ సొంత ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో రిజిస్ట్రార్ దగ్గర ఒక అకౌంట్ తెరిచి ఉంచండి. యూడీఆర్‌పీలో గెలిచినా రిజిస్ట్రార్ 10 పనిదినాలు ఆగుతాడు, ఓడినవాడు ఈలోగా కోర్టుకు వెళ్లే అవకాశం కోసం. ఆ గడువు దాటాక డొమైన్ ఎవరి అకౌంట్‌లో వేయాలని అడిగితే, కొత్త డిజైనర్ ఈమెయిల్ ఇవ్వకండి.