ఆరేళ్ల వాడకం తర్వాత నా 1911ఎ1

ఆరేళ్ల కిందట డాలస్‌లో కొన్న ఈ పిస్టల్‌తో ఇప్పటికి నాలుగు వేల తూటాలు కాల్చి ఉంటాను, అన్నీ షూటింగ్ రేంజ్‌లోనే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 క్యాలిబర్ (సుమారు 0.45 అంగుళాల తూటా) పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. 1920లలో కొన్ని మార్పులతో అది ఎ1 అయింది. నా దగ్గరున్నది దానికి కొత్త నకలు. అయిదు అంగుళాల బ్యారెల్, ఏడు తూటాల మ్యాగజీన్, కిలో దాటిన బరువు, మెరుపు లేని బూడిదరంగు పార్కరైజింగ్ పూత, అన్నీ పాతదాని ప్రకారమే.

బాధలూ పాతవే. గురి చూసుకునే సైట్లు ఎంత చిన్నవంటే, చత్వారం వచ్చిన నా కళ్లకు ముందుదాన్ని వెతుక్కోవడమే పెద్ద పని. పిడి కాస్త పైకి పట్టుకుంటే, కాల్చినప్పుడు పైన ముందుకూ వెనక్కూ జారే భాగం, అంటే స్లైడ్, వెనక్కి వచ్చినప్పుడల్లా సుత్తిలాంటి హ్యామర్ బొటనవేలి పక్క చర్మాన్ని కొరుకుతుంది. ఈ కాటు తగ్గించాలనే ఎ1లో గ్రిప్ సేఫ్టీ (పిడి పట్టుకుని నొక్కితేనే పేలనిచ్చే వెనక మీట) తోకను పొడిగించారు. కండ ఉన్న నా చేతికి అది చాలలేదు. మొదటి ఏడాదంతా అక్కడ ప్లాస్టర్ వేసుకునే వెళ్లాను.

పిస్టల్‌తో వచ్చిన మ్యాగజీన్ మాత్రం దండగ. చివరి తూటా పేలాక స్లైడ్ వెనక నిలవాలి. నాలుగుసార్లకు ఒకసారి మూసుకుపోయేది. వేరే మ్యాగజీన్ వేశాక ఆ గొడవ లేదు. స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ ఒకసారి మార్చాను. స్లైడ్‌ను వెనక ఆపి ఉంచే మీట, స్లైడ్ స్టాప్, కింద ఫ్రేమ్ మీద వంపు తిరిగిన గీత ఒకటి ఉంది. అది నా తొందర. తుడిచి బిగించేటప్పుడు ఆ మీట పిన్నును నెమ్మదిగా పైకి తోయకపోతే ఎవరి పిస్టల్ మీదైనా ఆ గీత పడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో టైపురైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్ వీటిని లక్షల్లో చేసింది. మా అమ్మ కుట్టుమిషన్ మీద పేరున్న సింగర్ చేసినవి అయిదు వందలే. వాటిలో ఒకటి వేలానికి వస్తే ఇంటి ధర పలుకుతుంది. నాలాంటివాళ్లకు నకలే గతి.

నకళ్లలోనూ రకాలున్నాయి. అచ్చం సైనిక రూపం కావాలంటే నాలాంటిది. మిల్‌స్పెక్ (సైనిక ప్రమాణం) పేరుతో వచ్చే వాటిలో సైట్లు పెద్దవి, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి వచ్చే కిటికీ విశాలం; ఇప్పుడైతే అదే కొనేవాణ్ణి. కమాండర్ అనే పొట్టి రకం బ్యారెల్ 4.25 అంగుళాలు. చిన్న 9 ఎంఎం తూటా వాడే రకంలో పిస్టల్ వెనక్కి తన్నడం తక్కువ, తూటా చవక.

మా మిత్రుడు ఆ 9 ఎంఎం కొన్నాడు. గంట గడిచేసరికి నా మణికట్టు మొరాయిస్తుంది, అతను ఇంకో పెట్టె విప్పుతాడు. కానీ ఇంటికి బయల్దేరే ముందు ప్రతిసారీ నాది అడిగి తీసుకుని ఏడు తూటాలూ కాల్చి ఇస్తాడు.