పాత వర్క్‌షాప్‌కి సొంతంగా చేసుకున్న చెక్క కిటికీలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే తేల్చి చెప్పేస్తాను. పుచ్చిపోయిన పాత కిటికీలు పీకేసి టేకుతో సొంతంగా చేసుకున్నవి ఇన్ని వానాకాలాలు చూశాక కూడా ఎక్కడా మెత్తబడలేదు, కానీ ఒకసారి బిగించేసి మళ్లీ వాటి వైపు చూడక్కర్లేదు అనుకునేవాళ్లు మాత్రం నిక్షేపంగా అల్యూమినియం పెట్టించుకోండి.

టేకు కాబట్టే నిలిచాయి అంటారు చూసినవాళ్లంతా. టేకైనా సరే అంచున ఉండే తెల్ల చెక్కకి అంత ఆయుష్షు ఉండదు, చెదలు దాన్ని వదలవు, అందుకే చేవ (చెట్టు నడిమి ముదురు చెక్క) ఉన్న ముక్కలే ఏరుకున్నాను. పైగా తీసేసిన పాత కిటికీల్లో పై సగం ఇంకా రాయిలా ఉంది, కుళ్లంతా కింది అడ్డపట్టీ అతుకుల్లోనూ సిల్లు (కిటికీ చట్రం అడుగున ఉండే చెక్క) మీదా మాత్రమే. చెక్క అంతా ఒకటే, వాన అంతటా పడింది, కానీ నీళ్లు నిలిచిన చోటే పోయింది. అది చూశాక నా దృష్టంతా సిల్లు మీదే పెట్టాను. బయటి వైపుకి సుమారు 10 డిగ్రీల వాలు ఇచ్చాను, ముందు అంచుని గోడ కంటే బయటికి పొడిచేలా ఉంచి అడుగున పొడవునా ఒక గాడి తీశాను. చూడటానికి ఏమీ లేనట్టుండే ఆ గాడి లేకపోతే నీటి చుక్క సిల్లు అడుగునే పాకుతూ గోడలోకి పోతుంది, ఉంటే అక్కడే తెగి కింద పడుతుంది. వాన పడుతున్నప్పుడు వంగి చూస్తే గాడి బయటి అంచున చుక్కలు వరుసగా వేలాడుతుంటాయి, లోపలి వైపు చెక్క పొడిగానే ఉంటుంది.

అతుకులన్నీ కుసి-బెజ్జం పద్ధతే, అంటే ఒక చెక్క కొనని నాలుకలా చెక్కి ఇంకో చెక్కలో తీసిన బెజ్జంలో దిగగొట్టడం, కుసి మందం చెక్క మందంలో మూడో వంతు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే పట్టు సరిగా రాదు. కోసిన కొనలు పక్కల కంటే చాలా ఎక్కువగా నీళ్లు పీలుస్తాయి, అందుకని రంగు సంగతి తర్వాత, బిగించే ముందే వాటికి ఎపాక్సీ పట్టించాలి.

వానాకాలంలో రెక్క బిగుసుకుపోవడం గురించి అందరూ అడుగుతారు. లెక్క చూడండి: రెక్కలో నిలువు పట్టీలు రెండూ 70 మి.మీ. చొప్పున ఉంటే కలిపి 140 మి.మీ. వెడల్పు, టేకులో తేమ 5 శాతం పెరిగితే ఆ వెడల్పు దాదాపు 1.3 మి.మీ. పెరగగలదు, దాని మీద ఏటేటా పేరుకునే రంగు మందం వేరే. అడ్డపట్టీలు పొడవు దిశలో పెద్దగా పెరగవు కాబట్టి వాటితో గొడవ లేదు. నేను బందుల వైపూ గడియ వైపూ కలిపి 4 మి.మీ. సందు వదిలాను, ఇప్పటిదాకా చిత్రిక పట్టాల్సిన అవసరం రాలేదు. ఎండాకాలంలో ఆ సందుల్లోంచి కాస్త దుమ్ము వస్తుంది, వర్క్‌షాప్‌లో అదో లెక్కా!

గాజు 4 మి.మీ.ది, అవిసె నూనె, సుద్ద పొడి కలిపిన పుట్టీతో పెట్టాను. గాజు కూర్చునే గాడికి ముందే ప్రైమర్ కొట్టాలి, ఏమీ పూయని చెక్క పుట్టీలో నూనెంతా లాగేసి దాన్ని పొడిపొడిగా వదిలేస్తుంది. ఇంకొకటి, పుట్టీ మీద రంగు వేసేటప్పుడు కుంచెని గాజు మీదికి 2 మి.మీ. దాకా పోనివ్వండి. చాలామంది నీటుగా ఉండాలని టేపు అంటించి సరిగ్గా పుట్టీ అంచు దగ్గర ఆపేస్తారు, అప్పుడు గాజుకీ పుట్టీకీ మధ్య వెంట్రుకంత సందు మిగిలి వాన నీళ్లు అందులోంచే దిగుతాయి.

రంగు పని మాత్రం విసుగే. ఎండ నేరుగా తగిలే వైపు రంగు ముందు వెలిసిపోతుంది, ఆ తర్వాత అతుకుల దగ్గర సన్నగా పగుళ్లిస్తుంది, అది కనపడిన వెంటనే గీకి ఒక చేయి వేస్తే సరిపోతుంది, వదిలేస్తే మాత్రం మొత్తం గీకాల్సిందే. బందులు ఇత్తడివి చెక్కుచెదరలేదు. మామూలు ఇనుప గడియలు తుప్పు పట్టి చెక్క మీద నల్లటి మరకలు దించాయి, వాటిని స్టెయిన్‌లెస్ స్టీల్‌వి పెట్టి మార్చేశాను. శబ్దం ఆపడంలో ఒంటి గాజుకి పెద్ద మార్కులు వేయలేను, గ్రైండర్ పెడితే పక్కవాళ్లకి వినపడుతుంది.

ఇక ఖర్చు అంటారా, కర్రకే ఎక్కువ పోతుంది, కూలి మీ ఓపిక. అన్ని కిటికీలూ తెరుచుకోవాలని పట్టుబట్టకండి, వర్క్‌షాప్‌కి ఎదురెదురు గోడల్లో ఒక్కోటి తెరుచుకుంటే గాలి ఆడుతుంది. మిగతావాటిలో గాజుని నేరుగా చట్రంలోనే బిగించేస్తే రెక్క పని, బందులు, గడియలు అన్నీ తప్పుతాయి, నీళ్లు దూరే సందులు కూడా ఆ మేరకు తగ్గుతాయి.