మెస్ గుమ్మం పక్కన నల్లబల్ల: ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీలో కొన్నేళ్ళు ఉన్నాక

రిటైర్మెంట్ కమ్యూనిటీల మీద నేను చదివిన సమీక్షలు చాలావరకు చేరిన కొత్తలో రాసినవే. గది బాగుంది, తోట బాగుంది, ఇడ్లీ మెత్తగా ఉంది అంటారు. నిజమే కావచ్చు గానీ, అక్కడ మనిషి ఉండగలడా లేదా అన్నది కొత్తలో తెలియదు. మేమిద్దరం విజయవాడలో ఫ్లాట్ అద్దెకిచ్చేసి, మంగళగిరి దాటాక హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక సీనియర్ సిటిజన్ల సముదాయంలో కొన్నేళ్ళుగా ఉంటున్నాం. పేరు రాయను. రాస్తే మేనేజరు రేపు పొద్దున కాఫీ దగ్గర పట్టుకుంటాడు.

వసతుల సంగతి తొందరగా తేల్చేస్తాను. బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు, జారని టైల్స్, మంచం పక్కన పిలుపు గంట ఉన్నాయి. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుంది. మీరు ఎక్కడ చూడబోయినా ఇది మాత్రం టేపు పెట్టి కొలుచుకోండి, మాట నమ్మకండి. ఎయిమ్స్ దగ్గరే, కాకపోతే ఓపీకి పెందలాడే బయల్దేరాలి. భోజనం హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి నోరు మండిస్తుంది, గుంటూరు వాళ్ళు చప్పిడి కూడు అంటారు, బెజవాడ వాళ్ళు ఉలవచారు ఏదీ అని అడుగుతారు. అందరూ తిడుతున్నారంటే వంటవాడు ఎవరి పక్షమూ కాదని అర్థం.

అసలు రాయాలనుకున్నది బ్రోషర్‌లో లేని వసతి గురించి. మెస్ గుమ్మం పక్కన ఒక నల్లబల్ల, దాని కింద సిమెంటు అరుగు. మేనేజ్‌మెంటు దాన్ని మెనూ రాయడానికి పెట్టింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ఒకావిడ సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాక మెనూ ఒక మూలకి పోయింది. పొద్దున ఆరున్నరకల్లా ఆ రోజు కబుర్లు రాసి ఉంటాయి. కరెంటు ఎప్పుడు పోతుంది, ఎవరింటికి మనవలొచ్చారు, ఫిజియోథెరపీ అమ్మాయి ఎందుకు రావడంలేదు, పేపర్లో ముఖ్యమైన వార్త ఏమిటి, అన్నీ అందులోనే. బల్ల మీద రాజకీయం, కులం రాయకూడదు. అమరావతి పక్కన పెట్టుకుని రాజకీయం వద్దంటే ఊపిరాడదు కాబట్టి అరుగు మీద మాట్లాడుకోవచ్చు, టిఫిను గంట కొట్టేదాకా. గంట కొట్టాక కూడా ఆపనివాళ్ళకి టీచరమ్మగారు ఉప్మా చివర్లో వడ్డించమంటారు.

హాస్యం సంగతి చెప్పాలి. ముసలివాళ్ళ మధ్య ఉంటే దిగులుగా ఉండదా అని మా చెల్లెలు ఇప్పటికీ అడుగుతుంది. ఒకరోజు బల్ల మీద ఉన్నది ఇది: ‘కళ్ళజోడు దొరికింది. పోగొట్టుకున్నవారు ఈ నోటీసు చదవలేరు కనుక పక్కవారు చదివి వినిపించ మనవి.’ నివాసుల సర్వసభ్య సమావేశం మర్నాడు: ‘నిన్న నిద్రపోయినవారికి: నీళ్ళ చార్జీ పెంపును మీరే బలపరిచారు.’ ఇవి గొప్ప జోకులని అనను. బీపీ మాత్ర వేసుకుని, మెట్ల కడ్డీ పట్టుకుని కిందికి దిగేసరికి ఎవరో మన గురించే నవ్వుతూ ఒక మాట రాసి పెట్టి ఉంటే మిగతా రోజు వేరుగా గడుస్తుంది. టీచరమ్మగారికి ఒక పద్ధతుంది. ఎవరి మీద జోకు రాస్తే ముందురోజు వాళ్ళకే చూపించి ఒప్పించుకుంటారు. నా గురక మీద రాసినదానికి నేను రెండుసార్లు ‘వద్దు’ అన్నాను, మూడోసారి మా ఆవిడ నా తరఫున ఒప్పేసుకుంది.

నవంబరు వస్తే అరుగు మీద సందడి రెట్టింపవుతుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి మిషను పట్టదు కాబట్టి, ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి మాకు ప్రాణం పోసింది. అందులో కనురెప్ప కొట్టమంటుంది. రైల్వేలో గార్డుగా చేసిన అన్నయ్యగారు ఎంత కొట్టినా ఫోను ఒప్పుకోలేదు. ‘నేనున్నానని మా ఆవిడ ఒప్పుకుంది, బ్యాంకు ఒప్పుకుంది, దీనికేమిటి నొప్పి’ అని ఆయన అరిస్తే, వదినగారు వచ్చి కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. వెలుతురు పడగానే అయిపోయింది. అప్పటినుంచి అరుగు తూర్పు చివర ‘సర్టిఫికెట్ కుర్చీ’ అని ఒకటి వేసి ఉంటుంది.

అదే నెలలో ఇంకో చిన్న మార్పు కూడా వస్తుంది. అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, పిల్లల ఫోన్లు ఆరున్నరకి బదులు ఏడున్నరకి మొదలవుతాయి. సరిగ్గా టిఫిను వేళకి. పెసరట్టు చల్లారిపోతుందని వంటవాడి గోల, వీడియోలో మనవడి పళ్ళు చూస్తున్నామని మా గోల. మెస్ టైము అరగంట జరపమని రెండు చలికాలాలు అర్జీ పెట్టుకున్నాం. ఇంకా జరపలేదు.

వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. దానికి నేను పదికి మూడు మార్కులకి మించి వెయ్యను. గుడ్‌మార్నింగ్ పువ్వులు, నిమ్మరసంతో అన్ని రోగాలూ పోతాయనే వీడియోలు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ మునిగినప్పుడు దాని అసలు రంగు బయటపడింది. ‘బ్యారేజీ కొట్టుకుపోయింది’ అని ఎవరో పంపారు, పది నిమిషాల్లో అది అందరి ఫోన్లలోకి చేరింది. విజయవాడ సింగ్‌నగర్‌లో కొడుకు ఉన్న ఒక పిన్నిగారు అక్కడే కూలబడ్డారు. ఇరిగేషన్‌లో డిప్యూటీ ఇంజనీరుగా చేసినాయన వచ్చి బల్ల మొత్తం తుడిచేసి బొమ్మ గీశారు. ఇదిగో కృష్ణ, ఇదిగో 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ, డెబ్భై గేట్లు, అన్నీ ఎత్తేశారు, బ్యారేజీ నిలబడే ఉంది. సింగ్‌నగర్‌లోకి వచ్చినది కృష్ణ నీళ్ళు కాదు, పైన గట్లు తెగిన బుడమేరు నీళ్ళు. వాగు పొంగి చేరిన నీరు కాబట్టి పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకి ప్రాణభయం తక్కువ, తిండికీ తాగునీటికీ ఇబ్బంది ఎక్కువ. మర్నాటికి బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకి చేరిందనీ, పడవలు కొట్టుకొచ్చి గేట్లకి సమతూకంగా ఉండే బరువులకి (కౌంటర్ వెయిట్లకి) తగిలాయనీ తర్వాత ఆయనే రాసి పెట్టారు. పిన్నిగారి కొడుకు రెండో అంతస్తులో ఉంటాడు. పడవలో పాలప్యాకెట్లు అందాయని అతని ఫోను వచ్చేదాకా అరుగు మీంచి ఒక్కరు కూడా భోజనానికి లేవలేదు. తెలిసినవాడు ఎదురుగా నిలబడి చెప్పే వార్తకీ, ఫోన్లో దొర్లుకొచ్చే వార్తకీ తేడా ఆ రోజు అందరికీ అర్థమైంది. గ్రూపులో పువ్వులు మాత్రం తగ్గలేదు.

పోలీసులమని చెప్పి, ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ మోసం ఫోన్లు మాకూ వచ్చాయి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి అని బల్ల పైభాగాన పెయింటుతోనే రాయించాం. ఒకాయన ‘అరెస్టు చేస్తే రాత్రి భోజనం మీరే పెడతారా, పథ్యం ఉంది’ అని అడిగితే అవతలివాడే ఫోన్ పెట్టేశాడట. అరుగు మీద ఈ కథ చెప్పించుకోని రోజు లేదు. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది.

ఇక్కడిదాకా చదివి అడ్వాన్సు కట్టడానికి బయల్దేరకండి. మాకూ మేనేజ్‌మెంటుకీ పెద్ద పేచీ చావు వార్త దగ్గర వచ్చింది. మొదట్లో ఇక్కడ ఎవరు పోయినా చెప్పేవాళ్ళు కాదు. అర్ధరాత్రి సైరన్ లేకుండా అంబులెన్సు వెనక గేటు నుంచి వెళ్ళేది. పొద్దున మెస్‌లో ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. అడిగితే ‘ఊరెళ్ళారు’ అనేవారు. మిగతావాళ్ళకి టెన్షన్ వస్తుందని వాళ్ళ వాదన. కానీ వచ్చిన టెన్షన్ వేరు. నిజంగానే కూతురి దగ్గరికి వెళ్ళినవాళ్ళ గురించి కూడా అనుమానం మొదలైంది. తెనాలి వెళ్ళిన ఒకావిడ నాలుగోరోజు ఆటో దిగితే ఇద్దరు ఏడ్చేశారు. ఆవిడకి అయోమయం, తర్వాత కోపం.

సంతకాలు పెట్టి అడిగాం. కుటుంబం వద్దంటే తప్ప, పోయినవారి పేరు ఆ పొద్దుటే బల్ల మీద ఉండాలి, దేహాన్ని ముందు గేటు నుంచే పంపాలి, నడవగలిగినవాళ్ళు గేటుదాకా వస్తారు అని. కొత్తగా చూడ్డానికి వచ్చేవాళ్ళు భయపడతారని చాలాకాలం నానబెట్టారు. చివరికి, సందర్శకులని ఆదివారాలు తీసుకురండి, మిగతా రోజులు మావి అని టీచరమ్మగారు తేల్చేశారు. ఇప్పుడు ఎవరైనా పోతే ఆ రోజు జోకు ఉండదు. పేరు, ఊరు, ఏ ఉద్యోగం చేశారు, ఏ కూర ఇష్టం, అంతే రాస్తారు. వీలైతే మధ్యాహ్నం మెస్‌లో ఆ కూర చేయిస్తారు. కాకరకాయ ఇష్టపడేవాళ్ళు ఇంతమంది ఉన్నారేమిటని నాకు తోచింది. మీరు ఎక్కడ చేరబోయినా ఆఫీసులో అందరూ అడిగే ప్రశ్నలతో పాటు ఇది కూడా అడగండి: ఇక్కడ ఎవరైనా పోతే మాకు ఎప్పుడు, ఎవరు చెప్తారు? జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ మొహం చూడండి.

ఈ సముదాయం అందరికీ పడదు. పొద్దున్నే పలకరింపులు ఇష్టంలేనివాళ్ళకి అరుగు దాటి మెస్‌లోకి వెళ్ళడమే శిక్ష. చెవులు బాగా వినిపించనివాళ్ళకి బల్ల ఉంది గానీ అరుగు కబుర్లు అందవు, పక్కన కూర్చుని గట్టిగా చెప్పే ఓపిక అందరికీ ఉండదు. దంపతుల్లో ఒకరికి మతిమరుపు జబ్బు మొదలైతే మాత్రం ఇప్పుడున్న ఏర్పాట్లతో ఇక్కడికి రావద్దనే చెప్తాను. రాత్రిపూట మొత్తం బ్లాకులకి ఒక్క నర్సే ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ కునుకు తీస్తాడు. ఈ విషయం కూడా బల్ల మీద రాశాం. ఆఫీసువాళ్ళు రెండుసార్లు తుడిపించారు. మళ్ళీ రాశాం, ఈసారి పెయింటుతో.