కిలో ఆక్జాలిక్ యాసిడ్ డబ్బా: బంగారం పనికి ఐదింటికి నాలుగు చుక్కల రేటింగు

విజయనగరం ఘంటస్తంభం దగ్గర సందులో మా పని. పాత నగలు ఆమ్లంలో కరిగించి మేలిమి తీయడానికి ఇన్నాళ్ళూ మెటాబైసల్ఫైట్ అనే గంధకపు లవణమే వాడేవాళ్ళం. చల్లటి ద్రావణంలోనే బంగారం పొడిగా అడుగుకి దిగిపోతుంది గానీ, ఆ గంధకం ఘాటుకి పక్క కొట్టు బాబాయితో రోజూ పంచాయితీ. అందుకని ఈ డబ్బా తెప్పించాను.

తొందర ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు. ద్రవరాజంలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగిన బంగారం ఒంటరిగా ఉండదు, ఒక్కో పరమాణువునీ నాలుగు క్లోరైడ్లు పట్టుకుని ఉంటాయి. ఆక్జాలిక్ నుంచి ఆక్జలేట్ వచ్చి ఎలక్ట్రాన్లు ఇస్తేనే లోహం బయటపడుతుంది. గది వేడిలో పోసి కూర్చుంటే ద్రావణంలో కరిగిన బంగారపు పసుపు రంగు ఎంతకీ పోదు. పది డిగ్రీలకి వేగం సుమారు రెట్టింపు అన్న మోటు లెక్క వేసుకున్నా, 30 నుంచి 80 డిగ్రీలకి తెస్తే ముప్పై రెట్లు పైమాటే. మంట పెట్టాక తేడా కళ్ళకే కనిపించింది.

ఆమ్లం మరీ ఘాటుగా ఉన్నా మొరాయిస్తుంది. ఆక్జాలిక్ తన హైడ్రోజన్‌ని వదిలితేనే చురుగ్గా పనిచేస్తుంది, గాఢ ఆమ్లంలో వదలదు. నీళ్ళు కలిపి పలచన చేయాలి. నైట్రిక్ మిగిలి ఉంటే మాత్రం దిగిన బంగారం మళ్ళీ కరుగుతుంది, ముందే దాన్ని పోగొట్టుకోండి.

పది గ్రాముల బంగారానికి లెక్క ప్రకారం 9.6 గ్రాముల స్ఫటికాలు చాలు, నేను రెట్టింపు వేస్తాను. కార్బన్ డయాక్సైడ్ నురుగు పొంగుతుంది, బీకరు సగం దాటి నింపకండి. పని పూర్తయిందో లేదో తెలియాలంటే వడపోత కాగితం మీద ద్రావణం బొట్టు వేసి స్టానస్ క్లోరైడ్ తగిలించండి. ఊదా రంగు వస్తే బంగారం ఇంకా లోపలే ఉన్నట్టు.

దిగిన పొడి బరువుగా అడుగుకి చేరుతుంది, కడగడం సుఖం. ప్లాటినం ఉంటే అది ద్రావణంలోనే ఉండిపోతుంది. రాగి ఎక్కువున్న సరుకుకి మాత్రం ఇది పనికిరాదు, లేత నీలం కాపర్ ఆక్జలేట్ కూడా కలిసి దిగి చిరాకు పెడుతుంది.

రేటింగులో ఒక చుక్క ఎందుకు కోశానంటే, డబ్బా మీద కాగితం తడి తగలగానే ఊడిపోయింది. చూడ్డానికి పంచదారలా ఉండే విషం ఇది, పిల్లలు తిరిగే చోట పేరు లేకుండా ఎలా పెడతాం? మార్కర్‌తో నేనే రాసుకున్నాను. చిన్న కొట్టుకి కిలో అక్కర్లేదు, అరకిలో దొరికితే అదే తీసుకోండి.