ఒంగోలు గిత్తకు ఏ దారి మేలు: బ్రెజిల్‌దా, మనదా?

బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవుకు 40 లక్షల డాలర్ల పైన విలువ కట్టారన్న వార్త వచ్చినప్పటి నుంచి గుంటూరులో నన్ను ఎరిగినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు. "మన ఒంగోలు జాతిని మనకంటే వాళ్ళే బాగా చూసుకున్నారు కదా, వాళ్ళ దారే మేలేమో?" అని. ఇంట్లో ఎడ్లను సాకుతున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

వాళ్ళు చేసిన పని గొప్పదే. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి ఓడల్లో వెళ్ళిన పశువులవి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక అక్కడ వాటికి నెలోర్ అని పేరు పడింది. 1960ల మొదట్లో వెళ్ళిన ఒక గిత్తనైతే ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే ఇప్పటికీ తలుచుకుంటారు. యూరప్ జాతులు తట్టుకోలేని ఎండను, పిడుదులను మన పశువు తట్టుకుంది. వాళ్ళు ప్రతి దూడ వంశం రాసిపెట్టారు, బరువు తూచారు, ఏరి ఏరి పెంచారు. ఇవాళ ఆ దేశంలో మనుషులకంటే పశువులే ఎక్కువ, వాటిలో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. ప్రపంచంలో బీఫ్ ఎగుమతిలో మొదటి స్థానం వాళ్ళదే. చైనా పెద్ద గిరాకీ.

మరి మనం? ట్రాక్టర్ రాగానే ఎద్దుకు పని పోయింది. పాడికి గేదె ఉంది. మిగిలింది బండలాగుడు పోటీలు. పోటీకి ముందు మా ఊళ్ళో ఒకాయన తెల్లారుజామున లేచి ఉలవలు ఉడకేసి, చల్లారాక ముద్దలు చేసి చేత్తో తినిపిస్తాడు. గిత్త నాలిక మోచేతి దాకా నాకుతుంది. ఆ ప్రేమ బ్రెజిల్‌లో దొరకదు. కానీ ప్రేమతో ఒక జత బతుకుతుంది, జాతి బతకదు. పోటీకి పనికిరాని కోడెను ఎవరూ అడగరు.

ఇక్కడిదాకా చూస్తే బ్రెజిల్‌దే పైచేయి. నా లెక్క మాత్రం వేరు. నేను చూసేది ఒక్కటే: మేత ఎక్కడిది?

అమెజాన్‌లో నరికిన అడవిలో ఎక్కువ భాగం పశువుల బీడే అయింది. ఆ బీడు మీద మేసే పశువు మన ఊరి రక్తం. అది తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. మన దగ్గర ఎద్దు తిన్నది వరిగడ్డి, జొన్న చొప్ప, కంది పొట్టు. మనిషి తినగా మిగిలింది. దాని కోసం ఎవరూ చెట్టు కొట్టలేదు. అది వేసిన పేడ మళ్ళీ చేలోకే పోయింది. ఏ పశువు నెమరేసినా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది, మనది పదిహేనేళ్ళు బతుకుతుంది కాబట్టి ఆ పద్దు మన మీదా ఉంది. అయినా కొట్టేసిన అడవి ముందు అది చిన్నది.

కాబట్టి నా ఓటు మన దారికే. అయితే ఆ దారి ఇప్పుడు మన దగ్గరే మూసుకుపోతోంది. మిరప, పత్తి వేసిన చేలో చొప్ప ఎక్కడ? మిషన్ కోత కోసిన చోట గడ్డి నలిగి నేలపాలు. కట్టలు కట్టించి తెచ్చుకుందామంటే ఖర్చు. గుంటూరు జిల్లాలో ఒంగోలు జాతి తగ్గిందంటే ప్రేమ తగ్గి కాదు, గడ్డివామి పోయి.

మూడో దారి, పాల కోసం పెంచడం. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతి మీద పని జరుగుతోంది. మంచిదే, కానీ ముర్రా గేదె ఇచ్చే వెన్న శాతం ముందు ఇంటి లెక్క కుదరదు. ఇక మాంసం దారి మన ఆవుకు ఎటూ లేదు, మన రాష్ట్రంలో 1977 చట్టం గోవధను నిషేధించింది. మన దేశం నుంచి బీఫ్ పేరుతో ఎగుమతయ్యేది గేదె మాంసం.

నేను ఈ ఏడు మిరప తగ్గించి అర ఎకరంలో జొన్న వేశాను. గింజ ధర చూసి కాదు, చొప్ప కోసమే.